యూఎస్‌బీ సౌండ్ కార్డులో పాట వేగంగా పోతోంది, శ్రుతి కూడా పెరుగుతోంది (లినక్స్ మింట్ 22)

ఎంవీపీ_వీణ:
నమస్కారమండీ. విశాఖ ఎంవీపీ కాలనీలో సంగీతం క్లాసుకి వాడే ల్యాప్‌టాప్ ఇది. మింట్ 22, ధ్వనిని నడిపే సాఫ్ట్‌వేర్ పైప్‌వైర్. పెద్ద స్పీకర్లకి ద్వారకానగర్‌లో కొన్న కంపెనీ పేరు లేని యూఎస్‌బీ కార్డు తగిలించాం. ఒకటి శ్రుతిలో పాడిన ఎంపీ3 కార్డు మీద వేస్తే ఒకటిన్నర దాటి, రెండుకి ఇంకా అందకుండా పలుకుతోంది. 5 నిమిషాల కీర్తన 4:36కే అయిపోతోంది. అదే ఫైలు ల్యాప్‌టాప్ సొంత స్పీకర్లో సరిగ్గానే ఉంది.
ఇంకో చిక్కు. ఇదే కార్డు మైకు నుంచి రికార్డు చేసిన పాఠాలు కార్డు మీద వింటే బాగున్నాయి, పిల్లల ఫోన్లకి పంపిస్తే నెమ్మదిగా, శ్రుతి దిగి వినిపిస్తున్నాయి.
నాణ్యత కోసమని ఈమధ్యే పైప్‌వైర్ సెట్టింగుల్లో 'అలౌడ్-రేట్స్'కి (అనుమతించే శాంపిల్ రేట్ల జాబితా, అంటే సెకనుకి ఎన్ని ధ్వని నమూనాలన్నది) 44100 కలిపాను. సముద్రపు గాలికి జాక్ తుప్పు పట్టి ఇలా అవుతుందా?

కోటవీధి_కెర్నల్:
తుప్పు కాదండీ. ఉప్పు గాలికి జాక్ పాడైతే గరగర వస్తుంది, ఒక పక్క మాట పోతుంది. వేగం మాత్రం మారదు.
మీరిచ్చిన అంకెలే జబ్బు పేరు చెబుతున్నాయి. 48000ని 44100తో భాగిస్తే 1.088. అంటే పాట 8.8 శాతం వేగం, సుమారు ఒకటిన్నర స్వరస్థానాల పెరుగుదల. 300 సెకన్ల పాట 275.6 సెకన్లకి అయిపోవాలి, మీ 4:36 అదే. శ్రుతి మారకుండా వేగమొక్కటే పెరిగి ఉంటే ప్లేయర్‌లో స్పీడ్ మీట ఎవరో నొక్కారనేవాణ్ణి. రెండూ కలిసి కదిలాయంటే శాంపిల్ రేటే.
44100 రేటుకి సరేనని ఒప్పుకున్న కార్డు లోపల 48000 గడియారంతోనే నడుస్తోంది. మామూలుగా పైప్‌వైర్ అన్నిటినీ 48000కి మార్చి పంపుతుంది కాబట్టి ఇన్నాళ్లూ బయటపడలేదు. మీరు 44100 కలిపాక ఆ పాటలు మార్పు లేకుండా కార్డుకి వెళ్తున్నాయి.
నమ్మే ముందు చూసుకోండి. కమాండ్లు పలికినట్టు తెలుగులో రాస్తున్నాను, టైపు చేసేది మాత్రం ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో. టెర్మినల్‌లో 'ఏప్లే -ఎల్' కొడితే కార్డు నంబరు తెలుస్తుంది, 1 అనుకుందాం. పాట నడుస్తుండగానే ఈ రెండు ఫైళ్లు 'క్యాట్'తో చదవండి:
/ప్రాక్/ఏసౌండ్/కార్డ్1/పీసీఎమ్0పీ/సబ్0/హెచ్‌డబ్ల్యూ_పారమ్స్
/ప్రాక్/ఏసౌండ్/కార్డ్1/స్ట్రీమ్0
మొదటిదాంట్లో 'రేట్' 44100 అని, రెండోదాంట్లో 'మొమెంటరీ ఫ్రీక్' (ఆ క్షణంలో నిజంగా నడుస్తున్న రేటు) 48000 దగ్గర కనిపిస్తే దొంగ దొరికినట్టే. ఒకటి రెండు హెర్ట్జ్‌ల తేడా ఏ కార్డుకైనా ఉంటుంది, దాన్ని పట్టించుకోకండి.

ఎంవీపీ_వీణ:
చూశానండీ. పైన 44100, కింద 48001.

కోటవీధి_కెర్నల్:
అయితే ముందు తాత్కాలికంగా: 'పీడబ్ల్యూ-మెటాడేటా -ఎన్ సెట్టింగ్స్ 0 క్లాక్.ఫోర్స్-రేట్ 48000'. పాట ఆపి మళ్లీ పెట్టండి, శ్రుతి దిగుతుంది. ఇదే కమాండులో 48000 బదులు 0 ఇస్తే పాత స్థితికి వస్తుంది.
శాశ్వతంగా కావాలంటే మీ హోమ్‌లో .కాన్ఫిగ్/పైప్‌వైర్/పైప్‌వైర్.కాన్ఫ్.డి కింద మీరు రాసిన ఫైలు తెరిచి, అలౌడ్-రేట్స్‌లో 48000 ఒక్కటే ఉంచండి. తర్వాత 'సిస్టమ్‌సీటీఎల్ --యూజర్ రీస్టార్ట్ పైప్‌వైర్ పైప్‌వైర్-పల్స్ వైర్‌ప్లంబర్'. సుడో (రూట్, అంటే అడ్మిన్ అధికారం) వద్దు. ఇది మీ యూజర్ సర్వీసు, రూట్‌గా నడిపితే దీన్ని తాకదు.
44100 పాటని 48000కి మారిస్తే నాణ్యత పోతుందన్న భయం అక్కర్లేదండీ. ఆ మార్పిడిలో నష్టం చెవికి అందేది కాదు, తప్పు గడియారం చేసే నష్టం మాత్రం పిల్లల చెవుల్లో నాటుకుపోతుంది.
సరైందో లేదో చెవితో కాకుండా కొలిచి చూడాలంటే, పాటలన్నీ ఆపి ఐదారు సెకన్లు ఆగండి, పైప్‌వైర్ కార్డుని వదులుతుంది. అప్పుడు 'స్పీకర్-టెస్ట్ -డి హెచ్‌డబ్ల్యూ:1,0 -సి 2 -ఆర్ 44100 -టి సైన్ -ఎఫ్ 440' (ఇందులో డి ఒక్కటే పెద్దక్షరం). ఫోన్లో ట్యూనర్ యాప్ స్పీకర్ ముందు పెట్టండి. మంచి కార్డైతే 440 చూపాలి, మీది 479 చూపుతుంది. 44100 స్థానంలో 48000 పెట్టి అదే పరీక్ష చేస్తే 440కి వస్తుంది.

టేపురీలు:
రికార్డింగుల సంగతి ఎవరూ ముట్టుకోలేదు, అసలు ప్రమాదం అక్కడుంది. కార్డు సెకనుకి 48000 నమూనాలు పంపింది, ఫైలు నుదుటిన 44100 అని రాసుకుంది. అదే తప్పు కార్డు మీద వింటే రెండు తప్పులూ కొట్టేసుకుని సరిగ్గా వినిపిస్తాయి. ఫోన్లో 5 నిమిషాల పాఠం 5:26 అవుతుంది. ఇప్పుడు మీరు కార్డు సరిచేశాక ల్యాప్‌టాప్‌లోనూ దిగే వినిపిస్తుంది, కంగారు పడకండి.
వేవ్ ఫైళ్లైతే నమూనాల్ని కదపకుండా నుదుటి రాత మారిస్తే చాలు, టెర్మినల్‌లో నడిచే ఆడియో సాధనం సాక్స్‌తో: 'సాక్స్ -ఆర్ 48000 పాతది.వేవ్ కొత్తది.వేవ్'. రేటు ఇన్‌పుట్ ఫైలు పేరుకి ముందే రావాలి. వెనక, అంటే కొత్త ఫైలు పేరుకి ముందు, పెడితే సాక్స్ రేటుని నిజంగానే మార్చి, వేగం మాత్రం అలాగే వదిలేస్తుంది. ఆడియో ఎడిటర్ ఆడాసిటీలోనూ ఇదే తేడా: ట్రాక్ మెనూలోని 'రేట్' వాడాలి, 'రీశాంపుల్' కాదు. ఎంపీ3గా దాచినవాటికి ఈ దారి లేదు. కమాండుతో ఆడియో మార్చే ఎఫ్‌ఎఫ్‌ఎమ్‌పెగ్‌లో 'ఎసెట్‌రేట్=48000' ఫిల్టరు పెట్టి మళ్లీ ఎన్‌కోడ్ చేయాలి.

ఎంవీపీ_వీణ:
సెట్టింగులో 44100 కలపకముందు చేసినవీ తర్వాత చేసినవీ ఒకే ఫోల్డర్లో కలిసిపోయాయండీ. ఏది తప్పుదో ఎలా తెలుస్తుంది?

టేపురీలు:
ముందు 'సాక్సీ' కమాండుతో అన్నిటి రేటు చూడండి. 48000 అని ఉన్నవి వదిలేయండి. 44100 ఉన్నవాటిలో పాట మొదలయ్యే ముందు నిశ్శబ్దం కాస్త ఎంచుకుని, ఆడాసిటీలో 'అనలైజ్', 'ప్లాట్ స్పెక్ట్రమ్', సైజు 65536 పెట్టండి. అంత సైజుకి రెండు సెకన్లయినా నిశ్శబ్దం కావాలి. మైకు తీగలోకి ఎక్కే కరెంటు హోరు మన దగ్గర 50 హెర్ట్జ్. సరైన ఫైల్లో శిఖరం 50, 100 దగ్గర ఉంటుంది. తప్పు ఫైల్లో 46, 92 దగ్గరికి జారి ఉంటుంది. హోరు బొత్తిగా లేకపోతే తంబుర షడ్జమం కొలవండి, మీ శ్రుతి పెట్టె ఏ శ్రుతికి పెట్టారో మీకు తెలుసు కదా.
పాత ఫైళ్లు అప్పుడే తీసేయకండి. సరిచేసినదాన్ని ఒకసారి ఫోన్లో, ఒకసారి ల్యాప్‌టాప్ సొంత స్పీకర్లో విని, రెండుచోట్లా షడ్జమం కలిశాకే తీయండి.