రోమ్ పాత రేవు పోర్టస్ చూసినవాళ్లు ఉన్నారా? సలహా కావాలి

అక్టోబర్‌లో అమ్మా నేనూ రోమ్ వెళ్తున్నాం. నా మనసంతా పోర్టస్ మీదే ఉంది. టైబర్ నది సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో క్లాడియస్ చక్రవర్తి క్రీ.శ. 42లో మొదలుపెట్టిన రేవు అది. ఈజిప్టు గోధుమలు అక్కడ దిగి, చిన్న పడవల్లోకి మారి, నదికి ఎదురెక్కి రోమ్ చేరేవి. ఈజిప్టు నుంచి ఒబెలిస్కును (పొడవాటి ఏకశిలా స్తంభాన్ని) మోసుకొచ్చిన పెద్ద ఓడను అక్కడే ముంచి, దాన్నే పునాదిగా చేసుకుని దీపస్తంభం కట్టారు! అంత చేసినా క్రీ.శ. 62 తుఫానులో రేవు లోపలే దాదాపు 200 ఓడలు పోయాయని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. ఆ తర్వాత ట్రాజన్ చక్రవర్తి ఇంకా లోపలికి ఆరు భుజాల కొలను తవ్వించాడు, ఒక్కో భుజం సుమారు 358 మీటర్లు. నది మేటలు వేస్తూ పోవడంతో సముద్రం కిలోమీటర్ల దూరం జరిగింది. ఇప్పుడు పక్కనే ఫియుమిచినో విమానాశ్రయం ఉంది.

ఆ కొలను గట్టు దాకా వెళ్లనిస్తారా, దూరం నుంచే చూడాలా? ముందే బుక్ చేసుకోవాలా? విమానాశ్రయం నుంచి బస్సు ఉందా, టాక్సీయే మేలా?

ఇంకొకటి. దగ్గర్లోని పాత రోమన్ పట్టణ శిథిలాలు ఒస్టియా ఆంటికాలో వర్తకుల గదుల ముందు నేల మీద నలుపు తెలుపు రాళ్లతో పరిచిన ఓడల బొమ్మలు, ఉత్తర ఆఫ్రికాలోని సబ్రతా నగర వర్తకుల ఏనుగు బొమ్మ తప్పకుండా చూడాలి. అమ్మకి మోకాళ్ల నొప్పులు, అక్కడేమో అన్నీ ఎగుడుదిగుడు రాతిబాటలు. రెండూ ఒకే రోజు పెట్టుకోవచ్చా? అదే నా టెన్షన్. పెద్దవాళ్లతో వెళ్లొచ్చినవాళ్లు చెప్తే చాలా మేలు చేసినవాళ్లవుతారు.