అప్‌డేట్: ద రూట్స్ ఆల్బమ్‌లో బేస్ వినిపించట్లేదన్న సమస్య తీరింది

ఫిలడెల్ఫియా హిప్‌హాప్ బ్యాండ్ ద రూట్స్ వాళ్ల 1995 ఆల్బమ్ 'డూ యూ వాంట్ మోర్' హెడ్‌ఫోన్స్‌లో బాగుంటోంది, హాల్లో స్పీకర్ల మధ్య కూర్చుంటే మాత్రం బేస్ గిటార్ మాయమవుతోందని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

స్పీకర్లకు ప్లస్, మైనస్ వైర్లు తారుమారయ్యాయేమో చూడమన్న వాళ్లదే కరెక్ట్. ద్వారకానగర్ నుంచి వచ్చిన మెకానిక్ ఒకటిన్నర వోల్టుల బ్యాటరీని స్పీకర్ వైర్లకు క్షణం తాకించి చూశాడు. ఒకదాని కోన్ (స్పీకర్‌లో కదిలే పొర) ముందుకొచ్చింది, రెండోది వెనక్కెళ్లింది. అంటే ఒక స్పీకర్ గాలిని తోస్తుంటే రెండోది లాగుతోంది, తక్కువ ఫ్రీక్వెన్సీలు, అంటే బేస్ శబ్దాలు, ఒకదాన్నొకటి చంపేసుకుంటున్నాయి. ఒక స్పీకర్‌కి మాత్రమే వైర్లు తిప్పి పెట్టాడు, అంతే.

మిగతా సలహాల సంగతి: కొందరు కొనమన్న సబ్‌వూఫర్ (బేస్ కోసమే ఉండే స్పీకర్) అక్కర్లేకపోయింది. నాణ్యత తగ్గని ఫ్లాక్ ఆడియో ఫైళ్లతో తేడా ఏమీ రాలేదు. మా వైజాగ్ లాసన్స్ బే సముద్రపు ఉప్పుగాలికి టెర్మినల్స్ (వైర్లు బిగించే చోట్లు) పచ్చబడ్డ మాట నిజమే, తుడిచాడు కూడా, కానీ అసలు కారణం అది కాదు.

ఇక ఆల్బమ్ సంగతి. శాంపిల్స్ (పాత రికార్డుల నుంచి తీసుకున్న ముక్కలు) మీద ఆధారపడకుండా వాయిద్యాలు వాయించి చేసిన హిప్‌హాప్ ఇది, బేస్ పోతే సగం పోయినట్టే. ఇప్పుడు బ్యాండ్‌లో బేస్ వాయించిన హబ్బర్డ్ బేస్, డ్రమ్మర్ క్వెస్ట్‌లవ్ కిక్ డ్రమ్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) జంటగా నడుస్తున్నాయి. టైటిల్ పాటలో జాజ్ కళాకారుడు రూఫస్ హార్లీ వాయించిన బ్యాగ్‌పైప్ (గాలి సంచితో వాయించే స్కాట్లాండ్ వాయిద్యం) కూడా ఉంది! హిప్‌హాప్‌లో ఆ వాయిద్యమేంటని మా నాన్నగారు ఇంకా అడుగుతూనే ఉన్నారు.