యాప్‌లో లోగో ఉన్న బియ్యమా, వాట్సాప్‌లో రైతు వీడియో పెట్టిన బియ్యమా?

మియాపూర్_వంటిల్లు:
మందుల్లేకుండా, ఆర్గానిక్‌గా పండించిన నవారా బియ్యం (పాత దేశవాళీ రకం) కొనాలి. యాప్‌లో జైవిక్ భారత్ లోగో (ఆర్గానిక్ అని సర్టిఫికెట్ ఉన్న సరుకు మీద వేసే ముద్ర) ఉన్న ప్యాకెట్ ఉంది, రేటు మండిపోతోంది. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకాయన సగం ధరకే ఇస్తానంటున్నారు. లోగో లేదు గానీ నాట్ల నుంచి నూర్పిడి దాకా వీడియోలు పెడుతుంటారు. మీరైతే ఎవర్ని నమ్ముతారు?

లేబుల్_చదువరి:
లోగోనే. వీడియోలో పచ్చటి చేను కనిపిస్తుంది, దానికేం కొట్టారో కనిపించదు. అలాగని యాప్‌ని గుడ్డిగా నమ్మమనను. 'ఆర్గానిక్' అని వెతికితే 'నేచురల్', 'ఫార్మ్ ఫ్రెష్' సరుకంతా కలిపి చూపిస్తుంది. ప్యాకెట్ వెనక ఫొటో పెద్దది చేసి చూసుకోవాల్సిందే.

పొలంగట్టు:
రెండెకరాల వాడు ఏటా సర్టిఫికెట్ ఫీజు ఎక్కణ్నుంచి తెస్తాడండీ? ఏడాదికి 12 లక్షల లోపు, నేరుగా తినేవాళ్లకే అమ్ముకునే చిన్న రైతుకి ఆ సర్టిఫికెట్ నుంచి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, అదే కేంద్ర ఆహార భద్రతా సంస్థ, మినహాయింపు ఇచ్చింది. లోగో మాత్రం వాడకూడదు. లోగో లేనంత మాత్రాన మోసం కాదు.
నేనూ ఓ యాప్‌లో పెట్టి చూశా. ముక్కపురుగు వచ్చిందని ఒక్క స్టార్ ఇచ్చారు. మందు లేని దంపుడు బియ్యానికి పురుగు పట్టదా మరి? పాలిష్ పట్టిన తెల్లబియ్యానికేమో అయిదు స్టార్లు!

లేబుల్_చదువరి:
పురుగు సాక్ష్యం చెల్లదు. గోదాములో పురుగుమందు బిళ్లలు పెట్టి పొగ పట్టిస్తే పురుగు రాదు, లేకపోతే వస్తుంది. చేలో నాలుగుసార్లు మందు కొట్టిన బియ్యానికైనా అంతే. ఇక ఆ వాట్సాప్ ఆయన సొంత పంటే అమ్ముతున్నారా, నలుగురి దగ్గర కొని అమ్ముతున్నారా? వీడియోలోని చేను, మన సంచిలోని బియ్యం ఒకటేనని చెప్పేదెవరు?

జహీరాబాద్_అక్క:
ఇద్దరూ పీజీఎస్ సంగతే ఎత్తలేదు, అదీ ఆర్గానిక్ సర్టిఫికెట్ పద్ధతే. ఊళ్లో రైతులే గుంపుగా చేరి ఒకరి చేను ఒకరు తనిఖీ చేసుకుంటారు, ఖర్చు తక్కువ. మా వైపు డీడీఎస్ (డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ) సంఘాల ఆడవాళ్లకు ఇది బాగా అలవాటు. పక్క చేలో మందు కొడితే వాసన దాగదు కదా. ఆయన్ని పీజీఎస్ నంబరు అడగండి. 'గ్రీన్' అని ఉంటే చేను ఇంకా ఆర్గానిక్‌కి మారే దశలో ఉన్నట్టు, పూర్తయితేనే 'ఆర్గానిక్'.

పొలంగట్టు:
చుట్టరికాలున్న ఊళ్లో పక్కవాడి మీద కాగితం ఎవరు రాస్తారక్కా?

జహీరాబాద్_అక్క:
రాయకపోతే గుంపు మొత్తానికి పేరు పోతుంది తమ్ముడూ. అందుకే రాస్తారు.

పొలంగట్టు:
సరే. పైనున్న ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్ల మాటైనా నిలుస్తుందా? పాలలోని ప్రోటీన్ రకాన్ని చెప్పే ఏ1, ఏ2 లేబుళ్లు తీసేయమని 2024 ఆగస్టు 21న ఆన్‌లైన్ అమ్మకందార్లకు చెప్పారు, 26న వెనక్కి తీసుకున్నారు. మధ్యలో పాలేమైనా మారాయా?

మియాపూర్_వంటిల్లు:
అడిగాను. పీజీఎస్ నంబరు లేదట. మిర్యాలగూడ దగ్గర చేను, ఆదివారం వచ్చి చూసుకోమన్నారు.

లేబుల్_చదువరి:
వెళ్లండి. సాగర్ ఎడమ కాలువ కింద వరి మళ్లన్నీ ఆనుకునే ఉంటాయి. పక్క మడిలో కొట్టిన మందు నీళ్లతో పాటు తన మడిలోకి రాకుండా ఏం చేస్తున్నారో అడగండి. ఆ వీడియోల్లో అది చూపించారా?