మధ్యాహ్నం అయ్యేసరికి కేబుల్ మోడెం సిగ్నల్ పడిపోతోంది, లోపం ఎక్కడ?

మాది కావలి. కేబుల్ నెట్, డాక్సిస్ 3.0 (కేబుల్ వైరు మీద నెట్ ఇచ్చే పద్ధతి) మోడెం. పొద్దున బాగానే ఉంటుంది. ఎండ ముదిరాక, సుమారు 12 నుంచి 4 దాకా, నెట్ పోతూ వస్తూ ఉంటుంది.

మోడెం పేజీ (192.168.100.1) లో పొద్దున 7కి డౌన్‌స్ట్రీమ్ (మాకొచ్చే సిగ్నల్ బలం) మైనస్ 5 డీబీఎంవీ, ఎస్ఎన్ఆర్ (నాయిస్ కంటే సిగ్నల్ ఎంత ఎక్కువో) 36 డీబీ, అప్‌స్ట్రీమ్ (మోడెం పంపే సిగ్నల్ బలం) 46 డీబీఎంవీ. మధ్యాహ్నం 2కి అవే మైనస్ 12, 30, 52. లాగ్ నిండా టీ3 టైమవుట్లే (మోడెం పంపినదానికి అవతల నుంచి జవాబు రాకపోవడం).

టీవీకి పోయే టూ-వే స్ప్లిటర్ తీసేసి మోడెంకి నేరుగా ఇచ్చా. 3.5 డీబీ కలిసొచ్చింది, పై అంకెలు ఆ తర్వాతవే. మిద్దె మీద ఎఫ్ కనెక్టర్ విప్పితే రాగి తీగకి పచ్చగా చిలుం పట్టి ఉంది (ఉప్పు గాలి మరి). అంత మేర కోసేసి కొత్త కంప్రెషన్ కనెక్టర్ వేశా. అక్కడి నుంచి కిందికి ఆర్జీ6 వైరు, చివరికి మోడెం కూడా మార్చి చూశా. మధ్యాహ్నం కథ మారలేదు.

కేబుల్ అబ్బాయి ఎప్పుడొచ్చినా పొద్దున్నే వస్తాడు. మీటర్ పెట్టి "సిగ్నల్ ఫుల్లుగా ఉందన్నా, కావాలంటే బూస్టర్ వేసుకో" అని పోతాడు. ఎస్ఎన్ఆరే పడుతుంటే బూస్టర్ నాయిస్‌ని కూడా పెంచుతుంది గదా, అందుకే కొనలేదు. అదే ట్యాప్ (స్తంభం మీద ఇళ్లకి వైర్లు చీల్చే పెట్టె) మీదున్న పక్కింటోళ్లకి టీవీ ఒక్కటే, అది ఆగట్లేదు.

స్తంభం ఎక్కకుండా, ఈ అంకెలతోనే, లోపం ట్యాప్ నుంచి మా మిద్దెకొచ్చే వైరులోనా, వీధి యాంప్లిఫయర్లోనా అని తేల్చుకునే మార్గం ఏదైనా ఉందా?