వలసవచ్చినవారి కోసం నగరపాలక సంస్థకు విడి ప్రణాళిక అవసరమా?

వీధిదీపం (చర్చ ప్రారంభించినవారు):
ఐరోపా దేశాల మానవ హక్కుల సంస్థ కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2008లో ‘ఇంటర్‌కల్చరల్ సిటీస్’ (భిన్న సంస్కృతులు కలిసే నగరాలు) కార్యక్రమం మొదలుపెట్టినప్పటి నుంచి చాలా నగరాలు వలసవచ్చినవారిని కలుపుకుపోవడానికి విడి ప్రణాళిక, విడి పద్దు పెట్టుకుంటున్నాయి. నేను దీన్ని వ్యతిరేకిస్తున్నాను. నీళ్లు, బడి, వైద్యం, బస్సు అందరికీ సరిగ్గా అందిస్తే నిన్న వచ్చినవారికీ అందుతాయి. విడి విభాగం తెరిచిన మర్నాటి నుంచే మిగతా శాఖలు ‘అది మా పని కాదు, అక్కడికి వెళ్లండి’ అని చేతులు దులుపుకుంటాయి. ఆ విభాగమేమో ఏడాదికొక ఉత్సవం జరిపి, నాలుగు నృత్యాలు వేయించి, ఫొటోలు తీయించుకుంటుంది. కాదనేవారు కారణాలు చెప్పండి.

గుమ్మం:
ఉత్సవాలను నేనూ వెనకేసుకురాను. కానీ ‘అందరికీ ఒకటే’ అన్న నియమం కౌంటరు దగ్గర ఎలా పనిచేస్తుందో చూడండి. దరఖాస్తులో చిరునామా రాయాలి, దానికి అద్దె ఒప్పందం నకలు జతచేయాలి. ఆరుగురు పంచుకునే గదిలో ఒక మంచం అద్దెకు తీసుకున్న మనిషి పేరిట ఒప్పందం ఎక్కడి నుంచి వస్తుంది? గుమస్తా ఎవరినీ చిన్నచూపు చూడలేదు, నియమం తప్పలేదు. అయినా ఆ మనిషి ఉత్తచేతులతో వెనుదిరిగాడు. పక్క వరుసలో ఒక తల్లి తన జబ్బు గురించి పదేళ్ల కొడుకు చేత చెప్పించుకుంటోంది. కొన్ని మాటలు వాడితో ఎలా అనిపించాలో తెలియక మింగేస్తోంది.

స్పెయిన్‌లో నివాస అనుమతి లేనివారు కూడా ‘పద్రోన్’ అనే మునిసిపల్ నివాసుల పట్టీలో పేరు రాయించుకోవచ్చు. బడిలో సీటుకైనా వైద్యానికైనా మొదటి మెట్టు అదే. బార్సిలోనా స్థిరమైన చిరునామా లేనివారిని కూడా అందులో చేర్చుకుంటుంది. ఎవరు జారిపోతున్నారో ఎవరో ఒకరు కూర్చుని గమనించబట్టే ఆ వెసులుబాటు వచ్చింది. నేను కావాలంటున్న విడి ప్రణాళిక ఆ గమనింపే.

పాతలెక్క:
మీరిద్దరూ కౌంటరు దగ్గరే ఆగిపోయారు. అసలు ముడి ఇళ్ల దగ్గర ఉంది. 2001లో ఇంగ్లండులోని ఓల్డమ్, బర్న్‌లీ, బ్రాడ్‌ఫర్డ్ పట్టణాల్లో అల్లర్లు జరిగాక ప్రభుత్వం నియమించిన టెడ్ కాంటిల్ బృందం తేల్చినది ఇదే: ఒకే ఊళ్లో జనం సమాంతర జీవితాలు గడుపుతున్నారు. పేటలు వేరు, బడులు వేరు, ఒకరికొకరు ఎదురుపడే సందర్భమే లేదు. ఎంత మంచి దరఖాస్తు రూపొందించినా ఆ గోడ కూలదు. సింగపూర్ 1989లోనే ప్రభుత్వ గృహసముదాయాల్లో భవనానికింత, పేటకింత అని జాతులవారీ పరిమితి పెట్టింది. కఠినమైన పద్ధతే, ఒప్పుకుంటాను. కానీ ఒక భవనం మొత్తం ఒకే వర్గంతో నిండిపోదు. మిగతా నగరాలకు ఆ తెగువ లేదు.

రెండోభాష:
పాతలెక్క గారూ, ఆ పద్ధతి భారం ఎవరి మీద పడుతోంది? ఒక భవనంలో పెద్ద వర్గం వాటా నిండిపోతే, అక్కడి చిన్న వర్గపు యజమాని తన ఇంటిని పెద్ద వర్గంవారికి అమ్ముకోలేడు. కొనేవారు తగ్గితే ధర తగ్గుతుంది. అన్నిటికంటే ముఖ్యం, అక్కడ భవనాలు కట్టే విదేశీ కూలీలు ఆ లెక్కలోనే లేరు. వాళ్లుండేది ఊరికి ఎడంగా ఉన్న వసతిగృహాల్లో. 2020లో ఆ దేశంలో నమోదైన కోవిడ్ కేసుల్లో అత్యధికం బయటపడింది ఆ కిక్కిరిసిన గదుల్లోనే. ఇళ్లలో అంత జాగ్రత్తగా కలిపిన ప్రభుత్వం నిజంగా వలసవచ్చినవారిని మాత్రం విడిగా ఉంచింది!

డెన్మార్క్ 2018 చట్టం ఇంకో దారి. అధికారికంగా ‘ఘెట్టో’ అని ముద్రవేసిన పేటల్లో కొన్నిటిలో కుటుంబాలకిచ్చే సామాజిక గృహాలను 2030 నాటికి 40 శాతానికి తగ్గించాలట. కలపడం పేరిట కూల్చడం, ఖాళీ చేయించడం. ఊరికే పక్కపక్కన ఉంచితే చాలదని మనస్తత్వ శాస్త్రవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే చెప్పాడు: సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, సహకారం, పైవారి అండ ఉండాలన్నాడు. మెట్ల మీద ఎదురైనప్పుడు తలవంచుకుని వెళ్లే ఇరుగుపొరుగు దగ్గర ఇవేవీ లేవు. పిల్లల బడి సంఘంలో, కార్మిక సంఘంలో, ఆటమైదానంలో ఉండే అవకాశం ఉంది. నగరం డబ్బు పెట్టాల్సింది అక్కడ.

వీధిదీపం:
గుమ్మం గారు పట్టీని మెచ్చుకున్నారు. ఆ పట్టీ రేపు ఎవరి చేతికి పోతుంది? న్యూయార్క్ నగరం 2015లో వలస హోదాతో పని లేకుండా నివాసులకు గుర్తింపు కార్డులు ఇవ్వడం మొదలుపెట్టింది, దరఖాస్తుదారుల పత్రాల నకళ్లు దాచింది. 2016 అధ్యక్ష ఎన్నికల్లో ట్రంప్ గెలిచాక, ఆ నకళ్లు కేంద్ర ప్రభుత్వానికి చిక్కుతాయేమో అన్న భయం పట్టుకుంది. చెరిపేయాలా వద్దా అని కోర్టుదాకా వెళ్లారు. మేలు చేయబోయి మనుషుల చిరునామాలు పోగేసి పెట్టడమంటే ఇదే.

గుమ్మం:
అందుకు విరుగుడు కార్డు మానేయడం కాదు, నకలు దాచకపోవడం. చూసి వెనక్కి ఇచ్చేస్తే అడిగేవారికి ఇవ్వడానికి ఏమీ మిగలదు.

మీ మొదటి అభ్యంతరానికి కూడా అదే నగరంలో జవాబుంది. 2008లో మేయర్ బ్లూమ్‌బర్గ్ ఉత్తర్వు ప్రకారం ప్రజలకు నేరుగా సేవలందించే ప్రతి శాఖా తన భాషా ప్రణాళిక తానే రాసుకోవాలి, అనువాదకులను తానే సమకూర్చుకోవాలి. అప్పుడు ఆరు భాషలకు వర్తించింది, 2017 స్థానిక చట్టంతో పదయ్యాయి. ‘అక్కడికి వెళ్లండి’ అనే వీలు ఏ శాఖకూ లేదు. విడి కార్యాలయం చిన్నదిగా ఉండాలి, అది సేవలు అందించకూడదు, శాఖలను నిలదీయాలి. పదేళ్ల పిల్లవాడు అక్కడ ఎందుకు నిలబడాల్సి వచ్చిందని ఆసుపత్రిని అడిగే అధికారం దానికుంటే చాలు.

పాతలెక్క:
నిలదీసే అధికారం ఎవరిస్తారు? ఓటు లేనివారి పద్దు ప్రతి కోతలోనూ ముందే పోతుంది. స్వీడన్ 1976 నుంచి విదేశీ నివాసులకు స్థానిక ఎన్నికల్లో ఓటు ఇస్తోంది, కానీ అది దేశం చేసిన చట్టం. న్యూయార్క్ తనంతట తాను ఇవ్వబోతే రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం 2025లో కొట్టేసింది.

రెండోభాష:
ఓటు ఇవ్వలేకపోతే చట్టంలోనైనా రాసిపెట్టవచ్చు. బ్రెజిల్‌లోని సావో పాలో నగరం 2016లో వలస జనాభా విధానాన్ని మునిసిపల్ చట్టంగానే చేసింది, వలసవచ్చినవారితో మండలి కూడా ఏర్పాటు చేసింది. మేయర్ మారితే ఉత్తర్వు మాయమవుతుంది. చట్టాన్ని తీసేయాలంటే సభలో నిలబడి, కారణం చెప్పి, చేతులెత్తాలి.

వీధిదీపం:
మండలి సలహా ఇస్తుంది, చట్టం అరలో ఉంటుంది. ఏ కౌంటరు నుంచి ఎందరు ఉత్తచేతులతో వెళ్లారో ప్రతి శాఖా ఏటా ప్రకటించాలని, ఆ లెక్క చూశాకే వచ్చే ఏడాది పద్దు ఇస్తామని సభ తీర్మానిస్తే మీ చిన్న కార్యాలయానికి నా అభ్యంతరం లేదు. ఆ షరతు లేకపోతే అది ఉత్తరాలు రాస్తూనే ఉంటుంది, శాఖలు అందినట్టు సంతకం పెట్టి దస్త్రంలో చేర్చుకుంటూనే ఉంటాయి.