రోలెక్స్ డయల్ ఒరిజినలో కాదో తెలిసేదెలా?

మాది అమలాపురం. మా బాబాయి దుబాయ్‌లో ఉన్నప్పుడు 2021లో కొన్న రోలెక్స్ ఆయిస్టర్ పర్పెచువల్ ఉంది. 41 మిల్లీమీటర్ల స్టీలు వాచీ, డయల్ మాత్రం పగడం ఎరుపు. 2020లో వచ్చిన ఈ రంగును 41 సైజులో 2022లోనే ఆపేశారు కాబట్టి వేలానికి పంపుదామనుకుంటున్నాం.

చిక్కేమిటంటే, గోదావరి వరదప్పుడు సామాన్లు మేడ మీదకి చేర్చే హడావుడిలో వారంటీ కార్డు పోయింది. ఆరు గంటల గుర్తు దగ్గర లోపలి అంచు మీద సీరియల్ నంబరు భూతద్దంలో చక్కగా కనిపిస్తోంది. కానీ నల్ల డయల్ పీకేసి బయట తయారైన రంగు డయల్ పెట్టేవాళ్లూ ఉన్నారట, అదే టెన్షన్. రాజమండ్రిలో ఒకాయనకి చూపిస్తే గీతలన్నీ పాలిష్ చేసేస్తానన్నాడు. వద్దు బాబోయ్ అని తెచ్చేసుకున్నాను.

వెనక మూత తీయకుండా డయల్ సంగతి తేలుతుందా? కార్డు లేకపోతే వేలంవాళ్లు తీసుకుంటారా? అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి.