పాత చీరలు, పచ్చడి సీసాలు, పాల పేకెట్లు: పారేయకుండా ఏం చెయ్యొచ్చు?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి)
అందరికీ నమస్కారం. వచ్చే నెల రెండు గదుల అద్దింట్లోకి మారుతున్నాం. అత్తగారు దాచిన పాత చీరలు, పచ్చడి సీసాలు, కడిగి ఆరబెట్టిన పాల పేకెట్లు బోలెడున్నాయి. పాత సామాన్లవాడు ఇనుము తప్ప ఏదీ వద్దన్నాడు. పెరట్లో తగలబెట్టేద్దామంటున్నారు మావారు. నాకు మనసొప్పట్లేదు, అత్తగారైతే మాటాడ్డమే మానేశారు. ఏటి చెయ్యమంటారు?

జవాబు (బరంపురం నుంచి)
తగలబెట్టనివ్వకు చెల్లెమ్మా. ఆ ప్లాస్టిక్ పొగ ఇంట్లోకే కదా వచ్చేది.

ముందు చీరలు వేరు చెయ్యి. అంచు నుంచి ఒక పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల చూపించు. నూలైతే కాగితం కాలిన వాసనొచ్చి మెత్తని బూడిద రాలుతుంది. పాలిస్టరైతే ముడుచుకుపోయి గట్టి పూసలా మిగులుతుంది. వేడి మీద ఆ పూస ముట్టుకోకు, చర్మానికి అంటుకుపోతుంది. వెంట్రుక కాలిన వాసనొస్తే పట్టు, దాన్ని పక్కన పెట్టు.

నూలు చీరలన్నీ బొంతకే. 5.5 మీటర్ల చీర మూడు మడతలు వేస్తే ఆరడుగుల పొడవొస్తుంది, ఒక మనిషికి సరిపోతుంది. రెండు చీరలు కలిపితే ఆరు పొరలు. బాగా చివికిన చీర లోపలికి, గట్టిది పైకి రావాలి. నేల మీద పరిచి, ముడతలు చేత్తో సర్ది, మధ్యలోంచి అంచులకి టాకాలు వేసుకుంటూ రా. అంచు నుంచి మొదలెడితే గుడ్డంతా నడుమకొచ్చి ఉబ్బుతుంది. వరసకీ వరసకీ నాలుగు వేళ్ళ ఎడం చాలు. ఈ పని అత్తగారి చేతికే ఇవ్వు, ఆవిడకి నీకంటే బాగా తెలుస్తుంది.

పాలిస్టరు నీళ్ళు పీల్చదు, తుడుపుగుడ్డకి పనికిరాదు. కూరల సంచులు కుట్టుకో.

జవాబు (గుణుపూర్ నుంచి)
సీసాల సంగతి నేను చెప్తాను. గోరువెచ్చని నీళ్ళలో చెంచాడు ఆవపిండి కలిపి సీసాలో పోసి, గిలక్కొట్టి, రాత్రంతా ఉంచి కడగండి. అప్పటికీ వాసనొస్తే అది మూతది, దాన్ని విడిగా ఎండబెట్టండి. తుప్పు పట్టిన మూతలు మాత్రం ఉంచకండి. మా ఊళ్ళో కొందరు పురుగుమందు డబ్బాలు కూడా ఇలాగే కడిగి నీళ్ళు పట్టుకుంటున్నారు, అదీ చెయ్యొచ్చేమో.

జవాబు (రాయగడ నుంచి)
అన్నా, ఆ చివరి మాట వెనక్కి తీసుకోండి. మా వైపు పత్తి చేలకి కొట్టే మందు డబ్బాలు ఇళ్ళలోకి రావడం రోజూ చూస్తున్నాను. ఎన్నిసార్లు కడిగినా మందు పూర్తిగా పోదు, ప్లాస్టిక్ పీల్చుకుంటుంది. తాగునీళ్ళకి, బియ్యానికి, పశువుల కుడితికి, దేనికీ వాడకూడదు. ఖాళీ డబ్బా మూడుసార్లు నీళ్ళతో కడిగి, ఆ నీళ్ళు మందు కొట్టే ట్యాంకులోనే పోసి, ఇంకెవరూ వాడకుండా అడుగున పొడిచేయండి. ఫినాయిల్, యాసిడ్ సీసాలు కూడా వంటింటి గడప దాటి రాకూడదు. ఇంట్లో పిల్లలుంటే మరీను.

మళ్ళీ ప్రశ్న (పర్లాకిమిడి నుంచి)
చాలా సాయం చేశారు. ఇవాళే అత్తగారు చీరలు ముందేసుకుని కూర్చున్నారు. రెండు సందేహాలు. పాల పేకెట్లు ఏం చెయ్యను? బొంత ఉతికితే లోపల ఉండలు కట్టదా?

జవాబు (బరంపురం నుంచి)
పేకెట్లలో నారు పోసుకో. అడుగున రెండు మూడు చిల్లులు పెట్టి, మట్టీ గెత్తమూ సగం సగం నింపి, ములగ గింజో బొప్పాయి గింజో వెయ్యి. మొక్క జానెడు ఎదిగాక నాటేటప్పుడు పేకెట్టు బ్లేడుతో చీరి తీసెయ్యి, దాంతోపాటు పాతిపెట్టకు. ఇకమీదట పాలు పోసేటప్పుడు మూల కొద్దిగా కోసి ముక్క వేలాడుతూనే ఉండనివ్వు. ఊడిన ముక్కలే కాలవల్లోకి పోయేది.

బొంతలో దూది లేదుగా, ఉండలు కట్టదు. తడిస్తే మాత్రం బరువెక్కుతుంది, అందుకే ఆరు పొరలు దాటొద్దు. తాడు మీద వేస్తే నీరంతా ఒకే చోటికి దిగి టాకాలు తెగుతాయి. నులక మంచం మీద పరిచి ఆరబెట్టు, మధ్యాహ్నం ఒకసారి తిరగెయ్యి. వానలు పట్టకముందే ఉతికేసుకో.